ఒప్పందంలో ఒక్క పేరా: ద్రవ్య సంస్థల్లో చిన్న దేశాలు నిజంగా ఏం చేయగలవు

1944 మే నెలలో, అంతర్జాతీయ ద్రవ్య నిధి, ప్రపంచ బ్యాంకు పుట్టిన బ్రెట్టన్ వుడ్స్ సమావేశం ఇంకా మొదలు కాకముందు, బ్రిటిష్ ఆర్థికశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ బ్రిటిష్ ట్రెజరీలోని తన సహోద్యోగికి ఒక ఉత్తరం రాశాడు. ఆహ్వానాలు అందుకున్న దేశాల్లో ఇరవై ఒక్కటి ఈ సమావేశానికి చేయగలిగిందేమీ లేదని, అవి వచ్చి చోటు నింపడం తప్ప ఒరిగేదేమీ ఉండదని అందులో అన్నాడు. ఊరికే అని వదిలేయలేదు, పేర్లు కూడా వరసగా రాశాడు. కోస్టారికా, హైతీ, పనామా, లైబీరియా, ఇథియోపియా, ఐస్‌లాండ్, లక్సెంబర్గ్... ఆ గుంపు మొత్తాన్నీ కోతుల కొంపతో పోల్చాడు. ఆయన ఆర్థికశాస్త్రం మీద నాకు చాలా గౌరవం ఉంది. అయినా ఆ ఉత్తరం చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ మాట కీన్స్‌తో పోలేదు. ఎనభై ఏళ్లుగా ద్రవ్య సంస్థల గురించి జరిగే చర్చల్లో, కొంచెం మర్యాదగా, అదే మాట వినిపిస్తూనే ఉంది. డబ్బు పెట్టేది ఎవరు, మాట్లాడేది ఎవరు అని.

కీన్స్ వద్దనుకున్న దేశాలు వచ్చాయి. ఆ జూలైలో న్యూ హ్యాంప్‌షైర్ కొండల్లోని హోటల్‌కి 44 దేశాల ప్రతినిధులు చేరితే, అందులో 19 లాటిన్ అమెరికా దేశాలే. యుద్ధంలో కూలిన ఐరోపాని నిలబెట్టడమే ప్రపంచ బ్యాంకు అసలు పని అని పెద్ద దేశాలు అనుకుంటున్న సమయంలో మెక్సికో ప్రతినిధివర్గం ఒక పట్టు పట్టింది. పునర్నిర్మాణానికి ఎంత ప్రాముఖ్యం ఉంటుందో, అభివృద్ధి పథకాలకీ అంతే న్యాయం జరగాలని ఒప్పందంలో రాయాలి అంది. మిగతా లాటిన్ అమెరికా దేశాలు వెనక నిలబడ్డాయి. బ్యాంకు ఒప్పంద పత్రం మూడో అధికరణం మొదట్లోనే ఆ వాక్యం ఇవాళ్టికీ ఉంది. ఐరోపా పునర్నిర్మాణం నాలుగేళ్లు తిరగకుండానే అమెరికా సాయ పథకమైన మార్షల్ ప్లాన్ చేతికి వెళ్లిపోయింది. బ్యాంకుకి మిగిలిన పని అభివృద్ధి ఒక్కటే.

నేను చెప్పదలచుకున్న సంగతి అక్కడే ఉంది. చిన్న దేశం ఈ సంస్థల్లో ఓటుతో గెలిచింది లేదు, ఇకముందు గెలుస్తుందనీ నేననుకోను. గెలిచినప్పుడల్లా నిబంధనల్లో ఒక పేరా రాయించి గెలిచింది. కాబట్టి ఓటు వాటా కోసం పెట్టే శక్తిలో సగమైనా ఆ పేరాలు రాయగలిగే మనుషుల మీద పెట్టాలి. "స్వరం, ప్రాతినిధ్యం" అనే మాటల చుట్టూ ఏళ్ల తరబడి సాగే సంస్కరణలు చిన్న దేశాల విషయంలో చాలావరకు కాలయాపన అని నా అభిప్రాయం.

ఓట్ల లెక్క ఒకసారి దగ్గరగా చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది. తువాలు పసిఫిక్‌లో తొమ్మిది దీవుల దేశం. జనాభా పదకొండు వేలకు అటూ ఇటూ. 2010లో అంతర్జాతీయ ద్రవ్య నిధిలో చేరింది. దాని కోటా, అంటే నిధిలో దాని వాటా, 25 లక్షల ఎస్‌డీఆర్‌లు (ద్రవ్య నిధి సొంత లెక్క ప్రమాణం, సభ్యదేశాలకి పంచే నిల్వ ఆస్తి కూడా), సభ్యదేశాలన్నింటిలోకీ తక్కువ. లక్ష ఎస్‌డీఆర్‌లకు ఒక ఓటు అని నియమం కాబట్టి కోటా మీద దానికి వచ్చేవి 25 ఓట్లు. అదే నియమం ప్రకారం అమెరికాకి దాదాపు 8,30,000 ఓట్లు వస్తాయి. వీటికి తోడు పెద్దా చిన్నా తేడా లేకుండా ప్రతి దేశానికీ సమానంగా ఇచ్చే ప్రాథమిక ఓట్లు ఉంటాయి, ఒక్కో దేశానికి పద్నాలుగు వందల పైచిలుకు. అంటే తువాలు ఓట్లలో నూటికి తొంభై ఎనిమిది ఈ ప్రాథమిక ఓట్లే. దేశంగా ఉన్నందుకు దక్కినవన్న మాట.

ఈ ప్రాథమిక ఓట్ల కథ చిన్న దేశాలకి బాగా తెలుసు. 1944లో తలా 250 ఇచ్చినప్పుడు మొత్తం ఓట్లలో అవి 11 శాతం దాటి ఉండేవి. కోటాలు పెరుగుతూ పోయాయి, ఈ 250 మాత్రం కదల్లేదు. కొత్త దేశాలు ఎన్ని చేరినా వీటి వాటా కరిగి కరిగి 2 శాతం దగ్గరికి వచ్చింది. 2008లో కుదిరి 2011లో అమల్లోకి వచ్చిన సంస్కరణ వీటిని దాదాపు మూడు రెట్లు చేసి, మొత్తంలో 5.502 శాతం కింద స్థిరపరిచింది. మంచిదే, ఇకమీద కరగవు. కానీ మూడు రెట్లయ్యాక కూడా తువాలు వాటా 0.03 శాతం. కోటాల మార్పు లాంటి పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదాని దగ్గరే 16 శాతం పైన ఉన్నాయి. 2023 డిసెంబరులో కోటాలన్నీ ఒకేసారి 50 శాతం పెంచాలని నిర్ణయించారు, ఎవరి వాటా ఎంతో మాత్రం ఉన్నచోటే ఉంచారు. ఎన్ని సమీక్షలు జరిగినా గొర్రె తోక బెత్తెడే.

పైగా ఆ కాస్త ఓటు కూడా చిన్న దేశం చేతిలో ఉండదు. ద్రవ్య నిధిలో 191 సభ్యదేశాలున్నాయి, కార్యనిర్వాహక బోర్డులో కుర్చీలు 25. అమెరికా, చైనా, జపాన్ లాంటి కొన్నింటికి సొంత కుర్చీ ఉంది. మిగతా అందరూ జట్లు కట్టి ఒక డైరెక్టరుని ఎన్నుకుంటారు. భూటాన్ భారత్, బంగ్లాదేశ్, శ్రీలంకలతో కలిసి కూర్చుంటుంది. పసిఫిక్ దీవుల్లో చాలావాటికి ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, న్యూజిలాండ్ తోడు. మధ్య ఆసియా దేశాలు కొన్ని స్విట్జర్లాండ్, పోలండ్‌లతో ఉన్నాయి. ఆ డైరెక్టరు తన జట్టు ఓట్లన్నీ ఒకే మూటగా వేయాలి, విడదీసి వేసే వీల్లేదు. జట్టులో పెద్ద దేశం ఒక మాట, చిన్న దేశం ఇంకో మాట అనుకుంటే, చిన్న దేశం ఓటు తనకి ఇష్టం లేని వైపే పడుతుంది. తన అసమ్మతిని డైరెక్టరు చేత చెప్పించుకోవడం వరకే దాని హక్కు. బోర్డులో కుర్చీల సంఖ్య మీద ఇంత చర్చ జరుగుతుంది గానీ, ఈ మూట నియమం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో ముందు మార్చాల్సింది ఇదే.

నిజానికి బోర్డులో ఓట్లు లెక్కపెట్టే సందర్భాలు అరుదు. అందరి మాటా విని, సభ మొగ్గు ఎటు ఉందో అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్లు తేలుస్తారు. కాగితం బోర్డు గదిలోకి వచ్చేసరికే అసలు పని అయిపోయి ఉంటుంది. ఆ కాగితం సిద్ధమవుతున్న నెలల్లో సిబ్బందితో ఎవరు మాట్లాడారు, ఎవరు ప్రత్యామ్నాయ ముసాయిదా ఇచ్చారు అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అక్కడికి 0.03 శాతం వాళ్లు వెళ్లకూడదని ఏ నియమమూ లేదు.

అలా వెళ్లి సాధించిన దేశం గ్రెనడా. దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. నాకు తెలిసినంతలో ఈ మొత్తం విషయానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

గ్రెనడా కరీబియన్‌లో లక్ష పైచిలుకు జనం ఉన్న దేశం. 2004 సెప్టెంబరులో ఐవన్ తుఫాను వచ్చింది. దేశం ఏడాదికి సంపాదించే మొత్తానికి రెండింతల నష్టం. పదింట తొమ్మిది ఇళ్లు దెబ్బతిన్నాయి. ప్రపంచానికి జాజికాయ అమ్మే దేశాల్లో ఇండోనేషియా తర్వాత అప్పట్లో గ్రెనడాయే. ఆ చెట్లు కూలిపోయాయి. జాజి చెట్టు నాటిన ఏడాదికో రెండేళ్లకో కాపుకొచ్చేది కాదు, చాలా ఏళ్లు పడుతుంది. మరుసటి ఏడాది ఎమిలీ తుఫాను. అప్పుల వాయిదాలు మాత్రం వాటి తేదీల్లో అవి వస్తూనే ఉన్నాయి. 2005లో అప్పులు పునర్వ్యవస్థీకరించుకుంది. 2013లో మళ్లీ చేతులెత్తేసింది.

రెండోసారి రుణదాతలతో కూర్చున్నప్పుడు గ్రెనడా అధికారులు అప్పు తగ్గించమని అడగడంతో ఆగలేదు. కొత్త బాండ్లలో ఒక నిబంధన చేర్చమన్నారు. పెద్ద తుఫాను వస్తే వాయిదాలు కొంతకాలం వెనక్కి జరపాలి, అలా వెనక్కి జరుపుకునే హక్కు దేశానికి ఉండాలి, దాన్ని ఎగవేతగా లెక్కగట్టకూడదు. 2015 ఒప్పందంలో ఆ పేరా వచ్చింది.

రుణదాతలు ఎందుకు ఒప్పుకున్నారు? ఆ పేరాలో పనితనమంతా అక్కడే ఉంది. మొదటిది, ఇది మాఫీ కాదు. వెనక్కి జరిపిన మొత్తం అసలులో కలుస్తుంది, దాని మీద వడ్డీ నడుస్తుంది. అప్పిచ్చినవాడికి మొత్తం మీద పోయేది లేదు. రెండోది, తుఫాను ఎంత పెద్దదో చెప్పేది గ్రెనడా ప్రభుత్వం కాదు. ఐవన్ అనుభవం తర్వాత కరీబియన్ దేశాలు ప్రపంచ బ్యాంకు సాయంతో 2007లో ఒక ఉమ్మడి విపత్తు బీమా సంస్థ పెట్టుకున్నాయి. అది కూలిన ఇళ్లు లెక్కపెట్టదు. గాలి వేగం, తుఫాను దారి తీసుకుని ముందే ఒప్పుకున్న నమూనాతో నష్టం అంచనా కడుతుంది. ఆ అంచనానే బాండుకీ కొలబద్దగా పెట్టారు. ఎవరూ అబద్ధం చెప్పడానికి లేదు, ఎవరినీ బతిమాలే పని లేదు. కష్టంలో ఉన్న దేశానికి ఎంత డబ్బు అన్నది ఎంత ముఖ్యమో, ఏ నెలలో అన్నదీ అంతే ముఖ్యమని తెలిసినవాళ్లు రాసిన నిబంధన అది.

2024 జూలై 1న బెరిల్ తుఫాను గ్రెనడాలోని కారియాకూ దీవిని తాకింది. అరగంటలో దీవి నేలమట్టమైందని ప్రధాని డికన్ మిచెల్ చెప్పారు. ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం అధిపతి సైమన్ స్టీల్‌ది ఆ దీవే. ఆయన అక్కడి శిథిలాల మధ్య నిలబడి మాట్లాడారు. ఉమ్మడి బీమా నుంచి గ్రెనడాకి 4 కోట్ల డాలర్ల పైన అందింది. ఆ తర్వాత ప్రభుత్వం 2015 నాటి పేరాని తీసి రుణదాతల ముందు పెట్టింది. ఒక కోటీ ఇరవై లక్షల డాలర్ల పైన వాయిదాలు వెనక్కి జరిగాయి. ప్రైవేటు బాండ్ల విషయంలో అలాంటి నిబంధనని ఒక దేశం నిజంగా వాడుకోవడం అదే మొదటిసారి. కోర్టులు లేవు, రేటింగ్ సంస్థల శాపనార్థాలు లేవు, కొత్తగా మళ్లీ చర్చలూ లేవు. రాసి ఉంది, జరిగింది.

ఇందులో ఓటు ఎక్కడుంది? ఏ బోర్డులోనూ గ్రెనడా బలం పెరగలేదు. పెరిగింది ఆ నిబంధన వ్యాప్తి. పొరుగున ఉన్న బార్బడోస్ 2018లో అప్పు కట్టలేనని ప్రకటించి, స్వదేశీ బాండ్లలోనూ తర్వాత విదేశీ బాండ్లలోనూ ఇలాంటి నిబంధన పెట్టించింది. ప్రధాని మియా మోట్లీ 2022లో అంతర్జాతీయ ద్రవ్య వ్యవస్థని మార్చాలంటూ, తన రాజధాని పేరుతో బ్రిడ్జ్‌టౌన్ ప్రతిపాదనలు ప్రపంచం ముందు పెట్టినప్పుడు ఇది అందులో ఒక ముఖ్యాంశం. 2023 జూన్‌లో పారిస్ సమావేశంలో ప్రపంచ బ్యాంకు చిన్న దేశాలకిచ్చే కొత్త రుణాల్లో విపత్తు వస్తే చెల్లింపులు వెనక్కి జరిపే వెసులుబాటు ఇస్తామంది. ఏడాది చివరికి పాత రుణాలకూ దాన్ని వర్తింపజేస్తామంది. లక్ష మంది దేశం కొందరు సలహాదారులు, ఆర్థిక శాఖ అధికారులతో కలిసి మొదలుపెట్టింది ఎనిమిదేళ్లలో ప్రపంచ బ్యాంకు విధానమైంది. మూడు రెట్లయిన ప్రాథమిక ఓట్లు పదిహేనేళ్లలో ఇంత పని చేశాయా అంటే, చేయలేదు.

మోట్లీ గురించి ఒక మాట. ఆవిడ ప్రసంగాలు అందరూ పంచుకుంటారు. నన్ను ఆకట్టుకున్నది ప్రసంగం కాదు, వెనకున్న కసరత్తు. బార్బడోస్ జనాభా మూడు లక్షల లోపు. కానీ బ్రిడ్జ్‌టౌన్ పత్రంలో "న్యాయం చేయండి" అని ఆగిపోలేదు. ఏ నిధిలోంచి, ఏ నియమం మార్చి, ఎంత తీయొచ్చో రాశారు. ద్రవ్య నిధి 2022లో వాతావరణ ప్రమాదాల కోసం దీర్ఘకాలిక రుణాలిచ్చే కొత్త ట్రస్టు తెరిచినప్పుడు మొదట తీసుకున్న దేశాల్లో బార్బడోస్ ఉంది.

ఇక తలసరి ఆదాయం అనే గోడ. అభివృద్ధి బ్యాంకులు చవక రుణం ఎవరికివ్వాలో చూసే ముఖ్యమైన కొలత ఇది. పెద్ద దేశాలకి ఇది ఏదో ఒక మేరకు పనికొస్తుంది. దీవులకి పనికిరాదు. 2017లో ఇర్మా తుఫాను తర్వాత బార్బుడా దీవి మొత్తాన్నీ ఖాళీ చేయాల్సి వచ్చింది, ఒక్క మనిషి కూడా మిగల్లేదు. ఆంటిగ్వా, బార్బుడా కలిసి ఒకే దేశం. తలసరి ఆదాయం ఎక్కువన్న కారణంతో 2022 నుంచి ఆ దేశాన్ని అధికారిక అభివృద్ధి సాయం పొందే దేశాల జాబితాలోంచే తీసేశారు. ఆదాయం నిన్నటి సంగతి చెబుతుంది. రేపు ఒక్క రాత్రిలో ఎంత పోతుందో చెప్పదు. ఈ తేడాని కొలతలో పెట్టాలని ఆ దేశ ప్రధాని గాస్టన్ బ్రౌన్, నార్వే మాజీ ప్రధాని ఎర్నా సోల్బెర్గ్ సహాధ్యక్షులుగా ఉన్న బృందం ఒక బహుముఖ దుర్బలతా సూచీ తయారుచేసింది. 2024 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ దాన్ని ముందుకు నడిపే తీర్మానం చేసింది. అయితే బ్యాంకులు దాన్ని వాడి తీరాలని ఎక్కడా లేదు.

వాడకపోవడానికి బ్యాంకులు చెప్పే కారణం నాకు రుచించదు. ఒకరికి మినహాయింపు ఇస్తే అందరూ అడుగుతారు అంటాయి. ప్రపంచ బ్యాంకు చవక రుణ విభాగం ఐడీఏ చిన్న దీవులకు ఆదాయ పరిమితి దాటినా మినహాయింపు ఇస్తున్నది 1985 నుంచి! ఇన్నేళ్లలో ఐడీఏ కూలిపోలేదు. అంటే నియమం మార్చవచ్చని వాళ్లకి తెలుసు, చేసి చూశారు కూడా. ఆ ఒక్క మినహాయింపుని ఒక కొలతగా మార్చడానికే మనసు రావడం లేదు.

2021 ఆగస్టులో ద్రవ్య నిధి 65,000 కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు పంచినప్పుడు ఇదే జబ్బు ఇంకో రూపంలో కనిపించింది. పంపకం కోటాల ప్రకారం. అమెరికాకి 11,000 కోట్ల డాలర్ల పైన, తువాలుకి దాదాపు 34 లక్షలు. ఎవరికి అవసరమో వాళ్లకి తక్కువ, అక్కర్లేనివాళ్లకి ఎక్కువ.

పేరా రాయించుకుంటే చాలు అంతా సర్దుకుంటుందని నేను అనడం లేదు. ఐస్‌లాండ్ అనుభవం చూస్తే ఆ ధైర్యం ఎవరికీ రాదు. 2008 అక్టోబరులో ఆ దేశపు మూడు పెద్ద బ్యాంకులు వారం రోజుల్లో కూలాయి. వాటి ఆస్తుల పరిమాణం దేశ జీడీపీకి తొమ్మిది పది రెట్లు. బ్రిటన్ తన ఉగ్రవాద నిరోధక చట్టం కింద వాటిలో ఒకటైన ల్యాండ్స్‌బాంకీ ఆస్తులు స్తంభింపజేసింది. నవంబరులో ద్రవ్య నిధి 210 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. కానీ ల్యాండ్స్‌బాంకీ విదేశాల్లో నడిపిన ఐస్‌సేవ్ పొదుపు ఖాతాల్లో డబ్బు దాచుకున్నవాళ్లకు బ్రిటన్, నెదర్లాండ్స్ చెల్లించిన సొమ్ము సంగతి తేలేదాకా తర్వాతి విడతలు కదల్లేదు. మొదటి సమీక్షే 2009 అక్టోబరు దాకా సాగింది. ఇందులో బాధాకరమైన విషయం ఒకటుంది. బోర్డులో ఐస్‌లాండ్ కూర్చునేది నార్డిక్, బాల్టిక్ దేశాల ఉమ్మడి కుర్చీలో. ఎనిమిది దేశాలు వంతులవారీగా నడుపుకునే ఆ కుర్చీ చిన్న దేశాలకి ఆదర్శమని చెబుతారు, నేనూ అలాగే అనుకుంటాను. ఐస్‌లాండ్‌కి అప్పిస్తామన్న డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్‌లూ ఆ రుణాల్ని ఐస్‌సేవ్ పరిష్కారానికి ముడిపెట్టాయి. ఒకే కుర్చీ స్నేహం కూడా అంతవరకే.

ఐస్‌లాండ్ జనం 2010 మార్చిలో ఒకసారి, 2011 ఏప్రిల్‌లో ఇంకోసారి ఆ చెల్లింపు ఒప్పందాల్ని ప్రజాభిప్రాయ సేకరణలో తిరస్కరించారు. 2013 జనవరిలో ఎఫ్టా (ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘం) కోర్టు ఐస్‌లాండ్ పక్షాన తీర్పు చెప్పింది. ఈ లోపు ఇంకో సంగతి జరిగింది. పెట్టుబడి దేశం దాటిపోకుండా ఐస్‌లాండ్ పెట్టిన ఆంక్షల్ని ద్రవ్య నిధి తన రుణ కార్యక్రమంలో భాగంగానే అంగీకరించింది. పెట్టుబడి ప్రవాహాలకు స్వేచ్ఛ ఇవ్వాలని ఏళ్లుగా చెప్పిన సంస్థ అది. 2012లో ద్రవ్య నిధి తన అధికారిక దృక్పథం మార్చుకుని, కొన్ని పరిస్థితుల్లో అలాంటి ఆంక్షలు సబబేనని రాసుకుంది. దానికి ఐస్‌లాండ్ ఒక్కటే కారణం కాదు, కానీ ఎదురుగా పనిచేస్తున్న నిదర్శనం అది. ఆ దేశం 2015లో ద్రవ్య నిధి అప్పు గడువుకి ముందే తీర్చేసింది. కీన్స్ జాబితాలోని దేశం, సంస్థ నమ్మకాన్నే కదిలించింది.

చిన్న దేశాల తప్పు లేదా? చాలా ఉంది. ఓటుని సరుకులా అమ్ముకోవడం అందులో మొదటిది. భద్రతామండలిలో తాత్కాలిక సభ్యత్వం ఉన్న కాలంలో ఒక దేశానికి అమెరికా సాయం పెరుగుతుందని, ద్రవ్య నిధి రుణాల షరతులు మెత్తబడతాయని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కలతో చూపించారు. తీసుకునేవాళ్లకి ఇది తెలివైన బేరంలా కనిపిస్తుంది. అలా వచ్చిన సాయం సభ్యత్వ కాలంతోనే పోతుంది, పోయాక ఆ దేశం మాటకి విలువా పోతుంది. అమ్ముడుపోయే ఓటు ఎటు పడుతుందో ముందే తెలిసినప్పుడు ఆ దేశంతో ముసాయిదా గురించి ఎవరూ చర్చించరు.

రెండోది మనుషులు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. చాలా చిన్న దేశాల్లో ప్రభుత్వ రుణాల విభాగం అంటే కొద్దిమంది. ద్రవ్య నిధి బృందానికి అంకెలు ఇచ్చేదీ వాళ్లే, బడ్జెట్ రాసేదీ వాళ్లే, వాతావరణ నిధికి దరఖాస్తు నింపేదీ వాళ్లే. ఒక్కో సంస్థకీ ఒక్కో ఫారం, ఒక్కో ఆడిట్ పద్ధతి, ఒక్కో భాషాశైలి. దరఖాస్తు రాయడానికి బయటి కన్సల్టెంట్లని పెట్టుకుంటారు, వాళ్ల ఫీజు కూడా సాయం కిందే లెక్క. ఆ కన్సల్టెంట్ వెళ్లిపోయాక పథకం ఎందుకు అలా రాశారో చెప్పగలిగేవాళ్లు ఆ శాఖలో ఉండరు. కాస్త చేయి తిరిగిన అధికారిని అదే అంతర్జాతీయ సంస్థ మంచి జీతంతో తీసుకుపోతుంది. ద్రవ్య నిధి ఫిజీలోని సువాలో 1993 నుంచి, బార్బడోస్‌లో 2001 నుంచి ప్రాంతీయ శిక్షణ, సాంకేతిక సహాయ కేంద్రాలు నడుపుతోంది. అవి మంచి పని చేస్తున్నాయి. అయితే అక్కడ నేర్పేది ఎక్కువగా పన్నుల వసూలు, గణాంకాలు, బడ్జెట్ నిర్వహణ. అప్పు పత్రంలో ఎదుటివాడి ముసాయిదా చదివి తన ముసాయిదా ఎదురు పెట్టడం ఎవరు నేర్పుతారు? అప్పిచ్చేవాడే నేర్పుతాడని ఆశించకూడదు. దేశాలు తమలో తాము నేర్పుకోవాలి. గ్రెనడా పేరాని బార్బడోస్ అందుకున్నట్టు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి వెళ్లకూడదు. ఈ బ్యాంకులు చవగ్గా అప్పివ్వగలగడానికి కారణం వాటి వెనక ధనిక దేశాల హామీ. ఆ హామీ ఉంది కాబట్టి వాటికి అత్యున్నత రేటింగ్, రేటింగ్ ఉంది కాబట్టి మార్కెట్లో తక్కువ వడ్డీకి డబ్బు. అప్పు తీసుకునేవాళ్లకే పెత్తనం ఇస్తే హామీ ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గుతారు, వడ్డీ పెరుగుతుంది, నష్టపోయేది మళ్లీ చిన్న దేశాలే. ఈ వాదనలో నిజముంది. కరీబియన్ డెవలప్‌మెంట్ బ్యాంకు చూడండి. 1970లో పని మొదలుపెట్టిన ఆ బ్యాంకులో మెజారిటీ అప్పు తీసుకునే దేశాలదే. మొదటి అధ్యక్షుడు ఆర్థర్ లూయిస్. సెయింట్ లూసియా అనే చిన్న దీవిలో పుట్టి, 1979లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి. అరవై ఏళ్లకి దగ్గరపడుతున్నా ఆ బ్యాంకు నిలబడి ఉంది, తన ప్రాంతం గురించి ఎవరికన్నా బాగా తెలిసిన బ్యాంకు అది. కానీ దాని మూలధనం చిన్నది, ఒక్క పెద్ద తుఫాను నష్టాన్ని కూడా అది ఒంటరిగా మోయలేదు. సొంత పెత్తనం కావాలంటే పరిమితి ఒప్పుకోవాలి.

అందుకే నేను పెత్తనం అడగమనడం లేదు. గ్రెనడా నిబంధన వల్ల రుణదాతకి ఏమీ పోలేదు, రేటింగూ చెడలేదు. డైరెక్టరు ఓట్లు విడదీసి వేయడానికి అనుమతిస్తే అమెరికా వాటా ఒక్క చుక్క కూడా తగ్గదు. తలసరి ఆదాయం పక్కన ఇంకో కొలత పెడితే చిన్న దేశాలకి వెళ్లే మొత్తం బ్యాంకు పద్దులో కనీకనిపించనంత. పెద్దవాళ్ల చేతిలోంచి ఏమీ లాక్కోకుండా జరగగల మార్పులివి. వీటిని కూడా ఏళ్లకేళ్లు నానబెడుతున్నారంటే దానికి డబ్బు కారణం కాదు, వాళ్లతో మాట్లాడేదేముందిలే అన్న చులకన.

ఇప్పుడు ఆ చులకనకి పరీక్ష జరుగుతున్న చోటు ఒకటుంది. 1991లో వాతావరణ ఒప్పందం మీద చర్చలు నడుస్తుండగా పసిఫిక్ దేశం వనువాటు చిన్న దీవుల కూటమి తరఫున ఒక ప్రతిపాదన పెట్టింది. సముద్రమట్టం పెరిగి మునిగే దేశాల కోసం పారిశ్రామిక దేశాలు డబ్బు వేసి ఒక అంతర్జాతీయ బీమా నిధి పెట్టాలని. ఒప్పుకోలేదు. 1992 ఒప్పందంలో ఆ ప్రతిపాదన ఆనవాలుగా నాలుగో అధికరణంలో బీమా అన్న ప్రస్తావన మాత్రం మిగిలింది. ప్రతి సమావేశంలోనూ ఆ దేశాలు దాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ అడిగాయి. 2022 నవంబరులో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సమావేశంలో, వాతావరణ మార్పు తెచ్చే నష్టాలకు సాయం చేసే నిధికి ఒప్పందం కుదిరింది. ముప్పై ఒక్క ఏళ్లు. ఆ మధ్యలో అడిగినవాళ్లలో ఎందరో పదవీవిరమణ చేశారు, కొందరు లేరు.

ఆ నిధిని ప్రపంచ బ్యాంకులో పెట్టాలన్నప్పుడు చిన్న దేశాలు ఎదురుతిరిగాయి. తలసరి ఆదాయం గోడ అక్కడా వస్తుందని వాళ్ల భయం. చివరికి నాలుగేళ్ల తాత్కాలిక ఏర్పాటుకి ఒప్పుకుంటూ షరతులు రాయించారు. అర్హత నిర్ణయించేది బ్యాంకు కాదు, నిధి బోర్డే. బ్యాంకులో సభ్యత్వం లేని దేశానికీ డబ్బు అందాలి. దేశాలు మధ్యవర్తి లేకుండా నేరుగా తీసుకునే వీలుండాలి. 2025 ఏప్రిల్‌లో బార్బడోస్‌లో జరిగిన బోర్డు సమావేశంలో మొదటి విడతగా 25 కోట్ల డాలర్లకు పద్ధతులు ఖరారయ్యాయి. అందులో కనీసం సగం చిన్న దీవులకూ, అత్యంత వెనుకబడిన దేశాలకూ.

26 మంది బోర్డులో చిన్న దీవులకి రెండు కుర్చీలున్నాయి. ఆ ఇద్దరూ ఇకమీద పట్టుకోవలసింది గడువు. విపత్తు జరిగాక డబ్బు ఎన్ని రోజుల్లో దేశం ఖాతాలో పడాలో నిధి నిబంధనల్లో అంకెతో రాయించాలి. కరీబియన్ ఉమ్మడి బీమా పద్నాలుగు రోజుల్లో చెల్లిస్తుంది. దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద దేశాలు వెనకున్న నిధి నెలల తరబడి దరఖాస్తులు చూస్తూ కూర్చోవడానికి ఏ కారణమూ లేదు. పద్నాలుగు రోజులు అని వాళ్లు ముసాయిదాలో పెట్టి, కొట్టేయాలనుకునేవాళ్లు బోర్డులో అందరి ముందూ కారణం చెప్పి కొట్టేసే పరిస్థితి తేవాలి.